మగ్గం గుంట ఉన్న పోర్షన్

పెడన,
ఆదివారం మధ్యాహ్నం.

నాన్నా,

పొద్దున్నేగా ఫోన్లో మాట్లాడాం, మళ్ళీ ఈ ఉత్తరం ఏమిటా అనుకుంటావు. మనింట్లో ఫోనంటే స్పీకరే. అమ్మ వింటుంది, నాయనమ్మ వింటుంది, పక్కింటి బుల్లెమ్మగారైతే గోడవతల నుంచి జవాబు కూడా చెబుతుంది. నేను చెప్పాలనుకున్నది అంతమందిలో చెప్పేది కాదు. పైగా డిగ్రీలో తెలుగు తీసుకున్నాక, ఏదైనా రాసి చూసుకుంటే తప్ప నాకే అర్థం కావడం లేదు. కాబట్టి ఓపిగ్గా చదువు.

సంగతి వీధి గది గురించి. నువ్వు బెజవాడ బట్టల కొట్లో చేరినప్పటి నుంచి అది ఖాళీగా ఉంది. మగ్గం విప్పి కర్రలు అటకెక్కించావు గానీ, నువ్వు కాళ్ళు దించి కూచుని నేసిన గుంట మాత్రం అలాగే ఉంది, పైన చెక్కలు పరిచి. వెనక వసారా కలిపి అద్దెకిద్దామని అమ్మ అంది. నేను అట్టముక్క మీద 'ఈ ఇంట ఒక భాగము అద్దెకు కలదు' అని ముత్యాల్లా రాసి గేటుకి కట్టాను. వారమైనా ఎవరూ రాలేదు. అమ్మ అట్ట తిప్పి 'టు-లెట్' అని రాసింది. ఆ సాయంత్రమే రెండు జట్లు వచ్చాయి.

ముందు వచ్చినవాళ్ళు బందరులో పాలిటెక్నిక్ చదివే కుర్రాళ్ళు, హర్షవర్ధన్, పవన్‌కుమార్. మైలవరం వైపు వాళ్ళు. హర్షవర్ధన్ చెక్క ఎత్తి తొంగిచూసి, "ఏంటండీ ఇది, స్విమ్మింగ్ పూలా?" అన్నాడు. మగ్గం గుంట అని చెప్పాను. "ఉండనివ్వండి, మాకేం అడ్డం? దానిమీద మంచం వేసుకుంటాం" అన్నాడు.

తర్వాత బస్సు కండక్టరు యేసుకుమార్ గారు, ఆయన భార్య హెలెన్ గారు వచ్చారు. వాళ్ళ పాప ఇప్పుడిప్పుడే గోడ పట్టుకుని నడుస్తోంది. హెలెన్ గారు చెక్క మీద అడుగు వేయగానే అది కదిలింది. వెంటనే పాపని చంకకెత్తుకుంది. "ఇల్లు బాగుందండీ. ఈ గుంట పూడ్చి గచ్చు చేయించారంటే దిగిపోతాం. పిల్ల ఊరుకునే రకం కాదు" అంది.

అమ్మ అక్కడే ఫ్యామిలీకి అని తేల్చేసింది. నేను స్టూడెంట్స్‌కే ఇద్దామన్నాను. సెలవులకి వెళ్ళిపోతారు, నీళ్ళు తక్కువ వాడతారు, పిల్ల ఏడుపు లేకపోతే నా చదువు సాగుతుంది అని వరసగా చెప్పాను. అమ్మ అంతా విని, "ఎదిగిన పిల్లున్న ఇంట్లో మగపిల్లల్ని దింపుకోమంటోంది. ఎవరికోసమే తల్లీ ఈ వకాల్తా?" అంది. "ఆ పొడుగాడు చూట్టానికి బానే ఉన్నాళ్ళేవే" అని నాయనమ్మ నవ్వింది. గోడవతల బుల్లెమ్మగారు కూడా నవ్వింది.

వాళ్ళు నవ్వినందుకు కాదు, నా దగ్గర జవాబు ఉండి కూడా చెప్పలేకపోయినందుకు బాధేసింది. నా కారణం గుంట. అది పూడిస్తే నువ్వు తిరిగొచ్చి నేయడం ఇక ఉండదు. ఆ మాట పైకి ఎలా అనను? నువ్వు మగ్గం మానేశావని ఇంతవరకూ ఇంట్లో ఎవరూ అనలేదు. 'కొన్నాళ్ళు బెజవాడలో' అనే అంటున్నాం. నేను బడి నుంచి వస్తే నువ్వు నేత మీంచి తలెత్తకుండానే, "జ్యోతీ, చెప్పు తెగిందేం?" అనేవాడివి. ఎవరు గడప తొక్కినా అలాగే పేరు పెట్టి పలకరించేవాడివి. అదొక విద్య అనుకునేదాన్ని. అలాంటివాడివి, ఎవరో నేసిన చీరలు ఇంకెవరికో విప్పి చూపిస్తూ పొద్దస్తమానం నిలబడుతున్నావు.

పొద్దున ఫోన్లో అమ్మ అడిగితే "మీ ఇష్టం" అన్నావు. నీ గొంతు నాకు నచ్చలేదు. యేసుకుమార్ గారు వచ్చే ఆదివారం జవాబుకి వస్తారు. ఆలోగా కుర్రాళ్ళకే ఇమ్మని నువ్వొక్క మాట అంటే అమ్మ కాదనదు. నేను రాసినట్టు మాత్రం చెప్పకు.

నీ మాట కోసం చూస్తూ,
జ్యోతిర్మయి


విజయవాడ, వన్‌టౌన్,
బుధవారం.

అమ్మాయి జ్యోతికి నాన్న దీవెనలు.

నీ ఉత్తరం కొట్టుకి వచ్చింది. "ఈ రోజుల్లో ఉత్తరమేంటి భావనారాయణ గారూ!" అంటూ మా ఓనరు గోపీనాథ్ గారే తెచ్చిచ్చారు. నీలాగ రాయడం నాకు రాదు. తప్పులుంటే దిద్దుకో.

గుంట పూడ్పించండి. ఆ పిల్లతల్లికే ఇవ్వండి.

మీ అమ్మ అడిగినప్పుడే అనాల్సింది. స్పీకర్లో మీ నాయనమ్మ ఉంది. నాకు పదిహేనేళ్ళప్పుడు ఆ గుంట మా నాన్న తవ్వాడు, మట్టి ఆవిడ మోసింది. ఆవిడ వింటుండగా పూడ్చమని ఎట్లా అనేది?

అసలు మాట చెప్తాను. నాకిక్కడ బాగుంది. వానాకాలం గుంటలో నీళ్ళు ఊరేవి, నీకు గుర్తుందో లేదో. డబ్బాతో తోడిపోసి, గోనెపట్టా పరిచి, చెమ్మలోనే కాళ్ళు పెట్టి మగ్గం తొక్కేవాణ్ణి. నా మోకాళ్ళు అందుకే పోయినాయి. ఇక్కడ నిలబడితే పిక్కలు లాగుతాయి, నిజమే. అయినా నేల పొడిగా ఉంటుంది, మనుషులు ఎదురుగా ఉంటారు. పెళ్ళి చీరలకి చల్లపల్లి నుంచి కూడా వస్తారు. "మీరు చెప్పండి, ఏది మన్నుతుంది?" అని నన్నే అడుగుతారు. పట్టుకుచూసి చెప్తా, తీసుకుంటారు. నేను కష్టపడుతున్నానని మీరంతా జాలిపడుతుంటే, లేదర్రా నాకు బానే ఉంది అనడానికి సిగ్గేసింది. మగ్గం వదిలినవాడు హాయిగా ఉన్నానంటే బాగుంటుందా?

నేను ఇంటికి రావడానికి గుంట ఎందుకమ్మా, గుమ్మం చాలదా?

మీ నాయనమ్మకి నువ్వే చెప్పు. మాటలు నేర్చుకుంటున్నావుగా. నీ కారణం మీ అమ్మకి కూడా చెప్పెయ్యి, లేకపోతే ఆ పొడుగాటి కుర్రాణ్ణి ఏడాదిపాటు మనసులో పెట్టుకుంటుంది.

ఉత్త ఇసుక పోయనియ్యొద్దు. కింద కంకర వేయించు. నేల కుంగితే ఆ పిల్ల పడుతుంది.

మీ నాన్న,
భావనారాయణ


పెడన,
శుక్రవారం.

నాన్నా,

నాయనమ్మకి చెప్పడానికి పోయిన శనివారమంతా మాటలు కూర్చుకున్నాను. అందులో 'తరతరాల' అనే మాట కూడా ఉంది. నేను ఇంకా మొదటి వాక్యంలో ఉండగానే ఆవిడ, "వాడికి మోకాళ్ళ నొప్పి తగ్గిందంటా?" అంది. తగ్గినట్టే ఉందన్నాను. "అయితే పూడ్చెయ్యండే" అంది. కాసేపు చెక్కల వైపు చూసి, చిక్కుళ్ళు వలవడానికి వెళ్ళిపోయింది.

అమ్మకి నా కారణం చెప్పాను. "ఆ మాట అప్పుడే అనొచ్చుగా, మొద్దూ" అంది. ఆ సాయంత్రం నువ్వు ఫోన్ చేసినప్పుడు స్పీకర్ పెట్టకుండా నాకిచ్చి వంటింట్లోకి వెళ్ళింది. గమనించావో లేదో.

మేస్త్రీ రాకముందు నేను చెక్కలు తీసి, గుంటలోకి కాళ్ళు దించి నీ చోట కూచున్నాను. ఇన్నేళ్ళూ పక్కన రాట్నం మీద నూలు కండెలు చుట్టానే గానీ అక్కడ ఎప్పుడూ కూచోలేదు. పాదాలకి చల్లగా తగిలింది. వీధి గుమ్మం వైపు చూస్తే కింది సగమే కనబడింది. అమ్మ వచ్చింది. నాకు కనిపించింది చీర అంచు, కాలివేళ్ళకి మెట్టెలు. తర్వాత పగిలిన మడమలు వచ్చాయి, నాయనమ్మవి. ముఖాలు చూడాలంటే మెడ ఎత్తాలి. చేతిలో పని ఉంటే ఎత్తలేం. పాదాలు చూసి పేరు పెట్టి పిలవడం, నీ విద్య అనుకున్నది అదన్నమాట.

మేస్త్రీ కంకర వేసే పోశాడు, నేను దగ్గరుండి చూశాను. గచ్చు ఆరుతోంది. యేసుకుమార్ గారు వాళ్ళు సోమవారం దిగుతారు. ఆ కుర్రాళ్ళకి బుల్లెమ్మగారు తన మేడ మీద గది ఇచ్చేసింది. అమ్మ ఆ గోడవైపు చూడటం మానేసింది.

ఈసారి వచ్చినప్పుడు నువ్వు రాగానే కూచోకు. గుమ్మంలో కాసేపు నిలబడు. నువ్వెంత పొడుగో నాకు సరిగ్గా తెలియదు.

నీ కూతురు,
జ్యోతిర్మయి