దయ్యమైన ఫిడేలు

తాతా, మహాపరాధం జరిగిపోయింది, క్షమించు. రాముడి భజనల్లో వాయించిన నీ ఫిడేలును నేను దయ్యాన్ని చేశాను. నువ్వు శ్రుతి చేస్తుంటే రికార్డు చేసిన క్యాసెట్‌ను కంప్యూటర్లోకి ఎక్కించి, కింద డ్రమ్స్ వేసి, పైన ఓ దయ్యం కథను ర్యాప్‌గా పాడాను. ఖమ్మంలో మా కాలేజీ ఫంక్షన్లో ఆ కీచు వినగానే ముందు వరుస అమ్మాయిలు ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. తర్వాత ఒకటే ఈలలు!

ఈరోజు నీ సంవత్సరీకానికి చండ్రుగొండ వచ్చి, నాయనమ్మకు వినిపించాను. ఎక్కడ ఏడుస్తుందోనని నాకు ఒకటే గుబులు.

"గది మీ తాతనే కదరా! గిట్లనే గీకి గీకి మన బర్రెను బెదరగొట్టిండు. మళ్లొకసారి పెట్టు," అంది.

ఆ ఈలలన్నీ నీవే తాతా. నీ వాయింపుకు నేను చేసింది ఒక్కటే. నువ్వు మరీ తొందరగా ఆపేశావని, ఇంకాసేపు వినిపించేలా వేగం సగానికి తగ్గించాను.