పర్కింజీ గారికి సూది గుచ్చకురా

పిన్నికి కందిరీగ నమస్కారాలు.

లాబ్‌లో ఏం పని అని అడిగావు కదా. చిన్న మెదడు మీద. మన నడకా చేతులూ తడబడకుండా చూసేది అదే. నాకు రోజంతా పర్కింజీతోనే సరిపోతోంది. దాని పని ఒక్కటే, అవతలివాళ్ళకి 'ఆగు' అని చెప్పడం. మొదటి 'ఆగు' గట్టిగా ఉంటుంది. గబగబా అంటూ పోతే జోరు తగ్గుతుంది, కానీ కొంతవరకు తగ్గి అక్కడే నిలబడుతుంది. ఎందుకు నిలబడుతుందో నేనే తేలుస్తాను. అనుమానం లేదు.

ఇట్లు, నీ కందిరీగ

తా.క. ఈ నెలాఖరుకి నా పని ఆపేయమంటోంది మా డైరెక్టరమ్మ. పరికరం ఇంకెవరికో కావాలట.


కందిరీగకి పిన్ని దీవెనలు.

పెద్దావిడని పట్టుకుని 'దాని పని' అని రాస్తావా? ఎక్కడ నేర్చావురా ఈ మాటలు? నా డ్రైవింగ్ స్కూల్లో పొద్దస్తమానం 'ఆగు' అనేది నేనే. కొత్తగా వచ్చినవాళ్ళకి నా గొంతు వింటే గుండె జారుతుంది. పోనుపోను నెమ్మదిగానే అంటాను. అసలు మానేస్తే కారు గోడలోకి పోతుంది. పర్కింజీ గారి కష్టం నాకు తెలుసు. మర్యాదగా మసలుకో.

ఉంటాను, పిన్ని

తా.క. ఆవిడకి పెళ్ళయిందా? ఊరికే అడిగాను.


పిన్నికి,

పర్కింజీ మనిషి కాదు పిన్నీ. సన్నటి గాజుసూది పెట్టి, కాస్త కరెంటు ఇచ్చి, ఏం చేస్తుందో చూస్తాను. 'ఆగు' అన్నప్పుడల్లా చిటికెడు రసాయనం వదులుతుంది. దాంతో అవతలిది నోరు మూసుకుంటుంది. హడావుడిలో ఉన్నాను, మిగతాది మళ్ళీ రాస్తాను.

కందిరీగ

తా.క. ఇవాళ్టిది మహా అయితే సాయంత్రం దాకా బతుకుతుంది. రేపటికి ఇంకోదాన్ని చూసుకోవాలి.


ఒరేయ్ కందిరీగా,

ముందు ఆ సూది కింద పెట్టు. కోపంలో 'మనిషి కాదు' అని నేనూ మీ బాబాయిని అన్నాను. అంతేగాని కరెంటు పెట్టలేదు. నీకు చెప్పి లాభం లేదని పర్కింజీ గారికే నేరుగా రాశాను. సాయంత్రాలు ఒంటరిగా తిరగొద్దన్నాను. మావాడు చెడ్డవాడు కాడనీ, చేస్తున్న పని మధ్యలో లాక్కుంటేనే పిచ్చెక్కుతుందనీ రాశాను. చిన్నప్పుడు నువ్వు సగం విప్పిన గడియారం లాక్కున్నందుకు ఎన్నాళ్ళు మాట్లాడలేదో అదీ రాశాను.

భయంతో, పిన్ని

తా.క. రసాయనం సీసాకి మూత పెట్టు.


డ్రైవింగ్ టీచరు గారికి లాబ్ డైరెక్టరు నమస్కారాలు.

పర్కింజీ గారి పేరున మీరు రాసిన ఉత్తరం నా బల్ల మీదికి వచ్చింది. ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు. అది చిన్న మెదడులో ఒక కణం. మీవాడి సూదీ కరెంటూ దానికే. ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు.

నిజం చెప్పాలంటే, ఇక్కడ అందరికీ 'ఆగు' అని చెప్పేది నేనే కాబట్టి, అది లాబ్ పిల్లలు నాకు పెట్టిన పేరనుకున్నాను. ఒంటరిగా తిరగొద్దన్న చోట లేచి తలుపు గడియ వేసుకున్నాను కూడా. తర్వాత నవ్వొచ్చింది. గడియారం సంగతి చదివాక మాత్రం నవ్వలేకపోయాను. అతన్ని పిలిచి, పని అయ్యేదాకా పరికరం నీదే అన్నాను.

నిన్న జవాబు తెచ్చాడు. ఆ కణం చివర రసాయనం వదిలే చోట్లు పక్కపక్కనే చాలా ఉన్నాయట. ఒకటి ఖాళీ అయితే ఇంకొకటి అందుకుంటుంది. అందుకే ఆ 'ఆగు' సన్నబడుతుంది గానీ ఆగిపోదు. మంచి పని చేశాడు.

ఇట్లు, పర్కింజీ కాని డైరెక్టరు

తా.క. తన వాదనకి తట్టుకోలేక నేను దిగొచ్చానని లాబంతా చెప్పుకు తిరుగుతున్నాడు. మీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. మీరూ చెప్పకండి.