నిక్కరాయనకు కట్టిన తలపాగా

బావమరిది సాంవల్‌రాంకి బావ చెప్పే రామ్ రామ్. నేను ఫోన్ చేస్తే కట్ చేసేస్తున్నావు కాబట్టి, నీ అతిథులను మోసుకొచ్చే జీపువాడి చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను.

జైపూర్ నుంచి శనివారం వచ్చి ఆదివారం పోయేవాళ్లకి పల్లె బతుకు చూపిస్తానని బోర్డు కట్టావు. ఒంటె ఎక్కించు, సజ్జరొట్టె పెట్టు, వాళ్లచేత పిడకలు కొట్టించు, నాకేం? కానీ తండ్రి పోయిన పన్నెండో రోజున కులపెద్దలు పెద్దకొడుక్కి కట్టే తలపాగాని, తంతుతో సహా, ఎవరో నిక్కరాయనకు కట్టించావట! అదీ మీ నాన్న ఎదురుగా మంచం మీద కూర్చుని చూస్తుండగా! "ఫొటోలో కళ్లు మూసుకున్నాను, ఇంకోసారి కట్టండి" అని ఆ నిక్కరాయన అంటే మళ్లీ కట్టించావట. ఒకప్పుడు పెళ్లివారి హుక్కాలో మిరపకాయ పెట్టి నవ్విన కొంటెవాణ్ణి, నాకే సిగ్గేసింది.

మామగారు నిన్న ఎండలో నడుచుకుంటూ మా ఇంటికి వచ్చారు. కూతురింట్లో మంచినీళ్లయినా ముట్టని మనిషి కదా, మీ అక్క నీళ్ల కోసం పక్కింటికి చెంబు పట్టుకుని బయల్దేరింది. ఆయన ఆపారు.

"ఎక్కడికమ్మా? నేను పోయానని నీ తమ్ముడు తలపాగా కట్టించేశాడుగా. పోయినవాడికి పట్టింపులేమిటి? మీ ఇంటివే ఇయ్యి."

రెండు గ్లాసులు తాగారు. అప్పట్నుంచి మీ అక్క ఏడుపు ఆపలేదు.

శనివారం దాకా ఆగకుండా రా. నీ నెత్తిమీది తలపాగా తీసి ఆయన కాళ్ల దగ్గర పెట్టు. ఫొటోలు తీసేవాణ్ణి మాత్రం వెంట తేకు.

నీ బావ