తడి తువ్వాల

అక్కకు,

నీ తమ్ముడు మారిండని ఇందుమూలంగా తెలియజేస్తున్న. నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. నా సాక్సులు ఇప్పుడు జతలుగా కాపురం చేస్తున్నయ్. నువ్వు పాత సామాన్ల కబాడ్‌ఖానా అన్న నా అర్రల నేల కనవడుతున్నది.

పొద్దున నీ సంవత్సరీకానికి యాచారం నుంచి మేనత్త వచ్చి, "ఇబ్రహీంపట్నం మొత్తంల ఇంత సాఫ్ ఇల్లు లేదురా" అన్నది.

అత్త పోయినంక తడి తువ్వాల కావాలనే నీ మంచం మీద పారేసిన. ఒక్కసారి నీ తిట్టు ఇనాలనిపించింది.

"గది మంచమా, దండెమారా?"

నీ మాటే, నీ గొంతే. తిరిగి చూస్తే గుమ్మంల అమ్మ. అన్నది అమ్మనే. కానీ అన్నంక తనే ఉలిక్కిపడి ఎనకకు చూసింది.

తువ్వాల తీసి దండెం మీద ఆరేసిన. మిగతా అలవాట్లన్నీ మానుకున్న అక్కా. గిదొక్కటి రేపు మళ్లీ చేస్త.