ఖాళీగా ఉన్న గడి

అమ్మా, నేనూ, కడుపులో బిడ్డా క్షేమం, కంగారు పడకు. నెల పరీక్షకు వెళితే ఆసుపత్రిలో కంప్యూటర్ పెట్టారు. డాక్టరమ్మ దాన్నే చూస్తూ, "పడని మందేమైనా ఉందా?" అంది. సిగ్గుతో, ఆలోచించకుండానే లేదన్నాను. బయట ఒకావిడ, కంప్యూటర్ వచ్చాక వైద్యం మెరుగైందా అని అందరినీ అడిగి రాసుకుంటోంది. "ఇదివరకు నా ముఖం చూసేవారండీ, ఇప్పుడు దాని ముఖమే. కానీ పడని మందు సంగతి ఇదివరకు ఎవరూ అడగలేదు" అని నేనంటూండగానే, చిన్నప్పుడు సూదికి నా ఒళ్లంతా దద్దుర్లు లేచి నువ్వు ఏడ్చింది గుర్తొచ్చింది. మళ్లీ లోపలికెళ్లి చెప్పాను. "పేరు తెలియకుండా ఏం రాయను తల్లీ? మీ అమ్మనడుగు" అంది డాక్టరమ్మ, ఈసారి నన్ను చూసి.

కాన్పుకు ఇరవై రోజులే ఉన్నాయి. నాన్నగారి పెట్టెలో నా పాత మందుల చీటీలు వెతికించి, ఆ సూది పేరు వెంటనే రాయి. చెల్లాయి దగ్గు తగ్గిందా? నాన్నగారికి నమస్కారాలు. కంప్యూటర్లో పడని మందు రాసే గడి నీ జవాబు కోసం ఖాళీగా ఉంది.

నీ పెద్దమ్మాయి