ఇక్కడి సూరీడు, మనందరి గడియారం

గోల్ ఘర్,
పోర్ట్ బ్లెయిర్.

అమ్మకి,

పార్వతి నమస్కరించి రాసేది. పొద్దుటి మాత్ర వేసుకున్నాకే కలం పట్టాను, ముందు ఆ బెంగ తీసేయ్. నేను కులాసా. నీ మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయి? నాన్న దగ్గు తగ్గిందా? చిట్టీ, ఇదంతా అమ్మకి పూర్తిగా చదివి వినిపించు. నవ్వొచ్చినా మధ్యలో ఆపకు.

ఓడలో సగంమంది వాంతులతో పడుకుంటే, నేను డెక్కు మీద ఎగిరే చేపల్ని చూస్తూ గడిపాను. అసలు తిప్పలు దిగాక మొదలయ్యాయి.

ఫిట్సు మాత్రలకి నువ్వు నేర్పిన పద్ధతి తెలుసుగా. మన గడప మీద ఎండ పడ్డాక ఒకటి, బాగా చీకటి పడ్డాక ఒకటి. ఇక్కడా అదే పట్టుకున్నాను. మొదటి రోజు కళ్ళు తెరిచేసరికి గది నిండా ఎండ. నాన్న ఇచ్చిన వాచీలో చూస్తే ఐదున్నర. ఓడలో ఒకావిడ, బర్మా పక్కనే కదా, అక్కడ టైము వేరు అని చెప్పింది. నిజమేననుకుని, ఎండని బట్టి ముల్లు ఎనిమిదికి తిప్పి, మాత్ర మింగి, చీర చుట్టుకుని ఉద్యోగంలో చేరడానికి బడికి పరుగెత్తాను. గేటుకి తాళం. కాపలాదారు వేపపుల్ల నములుతూ, "బడి ఉంది దీదీ, మాస్టర్లే ఇంకా నిద్ర లేవలేదు" అన్నాడు.

వాచీని సరిచేసుకున్నాను గానీ బుద్ధి మారలేదు. సాయంత్రం టీ తాగుతుండగానే చీకటి పడింది. రాత్రయిపోయిందని రెండో మాత్రా వేసేసుకున్నాను. అన్నాలవేళకి కంచం ముందే, చేపముక్క చేతిలో పట్టుకుని నిద్రపోయానట. ఇంటావిడ నూకాలమ్మ పిన్ని తట్టి లేపింది. ఆవిడ నాన్న మన శ్రీకాకుళం వైపునుంచి చేపల వేటకొచ్చి ఇక్కడే ఉండిపోయాడు, ఈవిడ ఇక్కడే పుట్టింది. సంగతి విని పడీపడీ నవ్వింది.

"మాకు సూరీడు జల్దీ వస్తాడు, జల్దీ పోతాడు మాస్టరమ్మా. గడియారం మాత్రం మీదే" అంది.

మర్నాడు తనే ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఎండనీ చీకటినీ పట్టించుకోకు, ఇంటి దగ్గర ఏ టైముకి వేసుకునేదానివో ఇక్కడా అదే టైముకి వేసుకో అన్నారు డాక్టరుగారు. అప్పట్నుంచీ ఒక్కపూట తప్పలేదు. తేమకి మాత్రలు మెత్తబడుతున్నాయి, బిగువు మూత ఉన్న గాజుసీసా ఒకటి పంపు.

ఆదివారం పిన్నివాళ్ళతో వండూరు సముద్రపొడ్డుకి వెళ్ళాను. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో, నా కాలివేళ్ళ మధ్య చేపలు కనిపించాయి. మోకాలి లోతు దాటలేదు, ఒట్టు.

ఒక్కసారి ఫిట్సు వచ్చినా తరవాతి ఓడకే వచ్చి తీసుకుపోతానని నాన్న రేవులో అన్నారు కదా. రాలేదమ్మా. ఇప్పుడు హెడ్మాస్టరుగారు వచ్చే ఏడాదీ ఉంటావా అని అడుగుతున్నారు. నాకు ఉండాలనుంది. నాన్నని అడిగి చెప్తానన్నాను.

మీకు పొద్దు గుంకేముందే ఇక్కడ చీకటి పడిపోతుంది, ఏ వేళకి వేసుకుంటోందో అని నువ్వు తల్లడిల్లకు. పిన్ని రేడియోలో గురగురమంటూనే రాత్రి తెలుగు వార్తలు వస్తాయి. అవి మొదలవగానే నేను మాత్ర వేసుకుంటాను. అదే క్షణంలో, ఆ వార్తలు వినగానే, నువ్వక్కడ ఓ గుక్క నీళ్ళు తాగు. నాకు మాత్ర దిగిందని నీకు తెలిసిపోతుంది.

మామ్మకి, పెద్దనాన్నకి నా దండాలు. జవాబులో నాన్నచేత ఒక్క మాట రాయించు చాలు: ఉండు.

మీ ఇద్దరి దీవెనకి తలవంచి,
పార్వతి