లెన్నీ మడిలో దుంపలు

డోరీన్ తల్లీ, నేను బాగానే ఉన్నాను, బెంగపెట్టుకోకు. నీ తమ్ముడు లెన్నీ పోయాక వాడి కూరగాయల మడి బీడుపడింది. నెలాఖరులోగా సాగు చెయ్యకపోతే ఇంకొకరికిస్తామని మడుల సంఘం కాగితం పంపింది. నేనెందుకిస్తాను? వాడి బూట్లలో గుడ్డలు కుక్కి తొడుక్కుని, పది రోజులు తవ్వాను. గుడ్ ఫ్రైడే నాడు అందరితోపాటు బంగాళాదుంపలు పెట్టాను. కిటికీలో గుడ్ల అట్టమీద నేను మొలకెత్తించినవే.

పక్క మడి ముసలి హెర్బర్ట్ కంచె మీంచి చూసి, "ఏమ్మా ఎల్సీ, మొలకలు కిందికి పెడుతున్నావేంటి? అవి పోయి ఆస్ట్రేలియాలో లేస్తాయి!" అన్నాడు.

"లేవనీ, అక్కడ మా అమ్మాయుంది, ఉడకేసుకుంటుంది" అన్నాను. లెన్నీ పోయాక నేను నవ్వడం అదే మొదలు. హెర్బర్ట్ సాయం వస్తానన్నాడు, వద్దన్నాను. నాలుగు సాళ్లూ మళ్లీ తవ్వి, ఒక్కో దుంపనీ నేనే తిప్పిపెట్టాను.

నిన్న సంఘం ఆయన వచ్చి చూసి, పుస్తకంలో వాడి పేరు కొట్టేసి నా పేరు రాసుకున్నాడు. గేటు మీద వాడు రంగుతో రాసుకున్న పేరు మాత్రం చెరపనివ్వలేదు.

వాడి డబ్బాలో చిక్కుడు గింజలున్నాయి. ఎప్పుడు వేసేవాడో, వాడు నీకు రాసిన ఉత్తరాల్లో ఉంటుంది, వెతికి రాయి. పాపకి పళ్లొచ్చాయా? నీ దగ్గు తగ్గిందా? కార్డు నిండిపోయింది. మీ ముగ్గురూ చల్లగా ఉండాలి. నేను తిప్పడం మరిచిన దుంప ఒకటుందేమో, నీ పెరట్లో మొలిస్తే పీకకు, అది మన లెన్నీది.

అమ్మ